గొళ్ళెం వెనక ఎర్ర దీపం

కంఠేశ్వర్, నిజామాబాద్
జనవరి 1978

మరదలు రాధాబాయికి రుక్మాబాయి రాస్తున్నది.

నీ క్షేమం అడిగే ఓపిక ఇవాళ లేదు. నేరుగా విషయానికి వస్తాను. పసుపు బండ్లతో ఇక్కడికి వచ్చిన మీ వాడకట్టు లింబాద్రి, మా రేడియో దుకాణంలో మా ఆయనకు ఒక సంగతి చెప్పాడు. ఆయన ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని నాకు చెప్పారు.

తమ్ముడు రామ్‌దాస్ గడ్డపారతో కన్నతల్లి గది తలుపు పెకిలించాడట. లోపల అవ్వ తలకు పోసుకుని, రైక లేకుండా, వెంట్రుకలు ఆరబెట్టుకుంటూ ఉందట. గుమ్మంలో పక్కింటి మగవాళ్ళు నిలబడి చూశారట. తలుపు బాగు చేయించినప్పుడు గొళ్ళెం మాత్రం మళ్ళీ పెట్టనివ్వలేదట. ఇప్పుడు అవ్వ చీర మార్చుకోవాలంటే తలుపుకు బీడీ ఆకు బస్తా అడ్డం పెట్టుకుంటున్నదట.

ఆ గొళ్ళెం ఎందుకు వచ్చిందో నీకు తెలియదు, నువ్వు అప్పటికి ఆ ఇంటికి రాలేదు. ఉమ్మడి ఇంట్లో చీర మార్చుకోవడానికి మూల వెతుక్కుంటూ అవ్వ సగం వయసు గడిపింది. వేరు పడ్డాక బాపు ఆ గది కట్టించి, నీకేం కావాలని అడిగితే, బంగారం అడగలేదు, లోపలి గొళ్ళెం అడిగింది. మీరు ఊడబెరికింది దాన్ని.

గొళ్ళెం తిరిగి పెట్టించండి. లేకపోతే చెరుకు నరుకుడు ముగిసేలోగా నేనే వచ్చి అవ్వను తీసుకుపోతాను.

రుక్మాబాయి


బోధన్
జనవరి 1978

వదినె రుక్మాబాయి గారికి రాధాబాయి రాసేది.

మీ ఉత్తరం మీ తమ్మునికి గూడ చదివి వినిపించిన. "అక్క పంచాయితీ పెట్టిందా ఏంది" అన్నడు.

లింబాద్రి సగమే చెప్పిండు. మిగిలింది నేను చెప్త. అత్తకు చెవులు పూర్తిగ పోయినయి. ఫ్యాక్టరీ సైరన్ మొత్తుకున్నా తలెత్తది. ఆ దినం అన్నానికి పిలిచిన, పలకలే. తలుపు బాదిన. మీ తమ్ముడు చేనుకాడి నుంచి ఉరికొచ్చి బాదిండు. కిటికీ లేని అర్ర, లోపల పడిపోయిందో పాణమే పోయిందో ఎట్ల తెలుస్తది? గడ్డపార తెచ్చిండు. తలుపు ఊడినంక అత్త మమ్మల్ని చూసి అరిచిన అరుపు మీరు వినలే, మేం విన్నం. నేనే నా కొంగు గుంజి ఆమె మీద కప్పిన. గా మాట లింబాద్రి చెప్పలేదు గదా.

ఇగ గొళ్ళెం పెట్టేది లేదంటున్నడు మీ తమ్ముడు. "లోపలున్న మనిషిని పిలిచే ఉపాయం ఉంటే చెప్పు, రేపే పెడ్త" అన్నడు. ఉపాయం లేదు. అత్త ఎవ్వరితోని మాట్లాడుతలేదు, బీడీలు చుట్టుకుంట గోడ దిక్కు తిరిగి కూసుంటున్నది.

మీతోని పంపుమంటరా? బాపు పోయిన పదో దినం నాడు అందరి నడుమ మీ వెనుక నిలబడి, "అన్నానికి లేవుండ్రి వదినె" అని పిలిచిన. మీరు మొఖం తిప్పలే. మల్ల పిలిచిన. గోడకు చెప్పినట్టే ఉన్నది. తినకుండ బస్సెక్కి పోయి, ఆకలితోని పంపిన్రని ఊరంత చెప్పుకున్నరు. పిలిస్తే పలకని మనిషి మా అత్తను ఏం చూసుకుంటది?

రాధాబాయి


కంఠేశ్వర్, నిజామాబాద్
ఫిబ్రవరి 1978

రాధాబాయికి,

పదో దినం నాడు నన్ను ఎవరూ అన్నానికి పిలవలేదు. అందరూ లేచి భోజనాల బంతికి వెళ్ళారు, నేను ఒక్కదాన్నే హాల్లో మిగిలాను. కన్నకూతురిని అట్లా కూర్చోబెట్టి, పిలిచానని ఇప్పుడు అబద్ధం రాస్తున్నావు. ఆ మాట ఇంకోసారి రాయకు.

తమ్ముడు ఉపాయం అడిగాడు కదా. లింబాద్రి చేతికి ఒక డబ్బా ఇచ్చి పంపుతున్నాను. చదవకుండా ముట్టుకోకు.

అందులో శనగగింజంత ఎర్రటి బుడ్డి ఒకటి ఉంది. దాన్ని ఎల్‌ఈడీ అంటారు. ఈ మధ్య కొత్త టేపురికార్డర్లలో వస్తున్నది, మా ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చారు. టార్చి బల్బులో సన్నని తీగ ఉంటుంది, అది కాగి తెల్లబడితే వెలుతురు వస్తుంది. ఇందులో తీగ లేదు. రెండు రకాల పలుకులు ఒకదానికొకటి అతికించి ఉంటాయి. కరెంటు ఒక పలుకులోనుంచి రెండో పలుకులోకి దాటేటప్పుడు ఆ అతుకు దగ్గర వెలుగు పుడుతుంది. కాగదు, కాబట్టి సెల్లులను తొందరగా తినెయ్యదు. ఇంకొక సంగతి, కరెంటు దీంట్లో ఒక దిక్కుకే పోతుంది. తిప్పి పెడితే దాటనివ్వదు.

కట్టే పద్ధతి ఇది. అవ్వ తలుపు బయట నొక్కే స్విచ్చి బిగించు. దాని పక్కనే రేకు డబ్బాలో నాలుగు టార్చి సెల్లులు వరుసగా పెట్టు. సెల్లు బొడిపె వైపు నుంచి ఎర్ర తీగ బయలుదేరి స్విచ్చిలోకి పోయి, అక్కడినుంచి గోడ సందులోంచి లోపలికి పోవాలి. సెల్లుల అడుగు వైపు నుంచి నల్ల తీగ నేరుగా లోపలికి పోవాలి. బుడ్డికి రెండు కాళ్ళు ఉన్నాయి. పొడుగు కాలు ఎర్ర తీగకు, పొట్టి కాలు నల్ల తీగకు మెలిపెట్టి కట్టు. అంతే. బయట నొక్కితే లోపల వెలుగుతుంది. అవ్వ చూసి తనే గొళ్ళెం తీస్తుంది.

ఏడో తరగతి చదివానని చెప్పుకుంటావు. చూద్దాం.

రుక్మాబాయి


బోధన్
ఫిబ్రవరి 1978

వదినె గారికి,

మీ బుడ్డి మీరే ఉంచుకోవాల్సింది. వెలుగలే.

మీ తమ్ముడు ముట్టనన్నడు. "ఆడోళ్ళ ఆట" అని బీడీ ముట్టించుకుని పోయిండు. నేనే ముక్కాలిపీట ఎక్కి గోడకు సందు పొడిచిన, తీగలు గుంజిన, స్విచ్చి బిగించిన. మీరు రాసిన కాగితం పక్కకు పెట్టుకునే చేసిన. నొక్కితే ఏం లేదు. అత్తను తీసుకొచ్చి ముందట కూసోబెట్టిన. ఆమె బుడ్డి దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, బీడీ చాట ముందుకు గుంజుకుంది. నాకెంత సిగ్గయిందో మీకు ఎరుకైతే సంతోషపడుదురు.

దుకాణంల పనికిరాకుండ పడున్నది పంపిన్రు. మాకు పంపే వస్తువు గట్లనే ఉంటది.

రాధాబాయి


కంఠేశ్వర్, నిజామాబాద్
మార్చి 1978

రాధాబాయికి,

పంపే ముందు నేనే వెలిగించి చూశాను. పనికిరానిది ఎవరికీ పంపే అలవాటు నాకు లేదు. తిప్పి కట్టి ఉంటావు. పొడుగు కాలు ఎర్ర తీగకని రాశాను. చదివినదాన్ని చేతికి ఎక్కించుకోవడం చదువులో భాగమే.

కాళ్ళు చూసి మళ్ళీ కట్టు. ఒకవేళ కాళ్ళు ఎప్పటిలా లేకపోతే, బుడ్డి అడుగు అంచు మీద గోరుతో చుట్టూ తడిమి చూడు. ఒక దగ్గర అంచు గుండ్రంగా కాకుండా చెక్కినట్టు ఉంటుంది. ఆ వైపు కాలు నల్ల తీగకు.

రుక్మాబాయి


బోధన్
మార్చి 1978

వదినె గారికి,

కాళ్ళు ఎప్పటిలా లేకపోతే అని రాసిన్రు. మీరు గోడకవతల నుంచి గూడ చూస్తరా? ఒకటి పొడుగు ఒకటి పొట్టి ఉంటే చూడ సక్కగ లేదని కత్తెరతోని సమానం చేసిన. మా తల్లిగారింట వర్నిలో నారు గూడ కొసలు సమానంగ కోసి కట్టకడ్తం. గదొక తప్పా?

మీరు చెప్పిన చెక్కిన అంచు దొరికింది. తిప్పి కట్టిన. వెలిగింది. ఒప్పుకుంటున్న.

గాని ఇంకో సంగతి. మీరు పంపిన ఎర్ర తీగ నడుమ పెసరగింజంత పూస ఒకటి అతికిచ్చి ఉన్నది. ఒంటి మీద ఎరుపు, ఊదా, గోధుమ రంగు పట్టీలు. దాని గురించి ఉత్తరంల ఒక్క మాట లేదు. పక్కింటి సాయవ్వకు చూపిస్తే ముక్కు మీద వేలేసుకుని, "గిది తాయెత్తు పూసనే, మీ వదినె ఇంటి మీదికి ఏదో పంపింది, తల్లి మనసు మల్పుకుపోనీకి" అన్నది. బాపు పోయినంక మీ నోటి నుంచి మంచి మాట ఒక్కటి రాలే, మంచి పూస ఎట్లొస్తది? ఆ ముక్క కోసి పొయ్యిల వేసిన. తీగను తీగకు ముడేసిన.

నొక్కిన. బుడ్డి ఒక్కసారి నిప్పు తీరుగ మెరిసి ఆరిపోయింది. మల్ల వెలుగలే.

ఆ పూస ఏందో ఇప్పుడు చెప్పుండ్రి. అత్త లేచి పోయి, తలుపుకు మల్ల ఆకు బస్తా అడ్డం పెట్టుకుంది.

రాధాబాయి


కంఠేశ్వర్, నిజామాబాద్
మార్చి 1978

రాధాబాయికి,

నీ ఉత్తరం చదివి కాగితం మడిచి పెట్టి, మళ్ళీ విప్పి చదివాను. నేను మా అవ్వ మీద మందు పెట్టిస్తానని రాసే చెయ్యి నీకు ఉన్నందుకు ఆశ్చర్యం లేదు. ఆ చేత్తోనే దీపం చంపావు.

ఆ పూస పేరు రెసిస్టర్. నువ్వు వరిమడి దున్నే ఇంట్లో పుట్టావు కాబట్టి నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. నిజాంసాగర్ కాలువ నీళ్ళు మీ వర్ని పొలానికి తూములోంచే వస్తాయి కదా. తూము తీసేసి కాలువ గట్టు తెగ్గొడితే మడికి ఎక్కువ నీళ్ళు వస్తాయని ఎవరన్నా సంతోషిస్తారా? మడి కొట్టుకుపోతుంది. ఈ బుడ్డి ఆ మడి వంటిది. దారి తెరుచుకున్నాక వచ్చినంత కరెంటు మింగుతుంది, చాలు అనడం దానికి తెలియదు. నాలుగు సెల్లులకు కలిపి ఆరు వోల్టులు. బుడ్డికి కావాల్సింది రెండు. మిగిలిన నాలుగు ఆ పూస మీద పడాలి. ఆ పట్టీలు తాయెత్తు రంగులు కావు, దాని కొలత. ఎరుపుకు రెండు, ఊదాకు ఏడు, గోధుమ అంటే వెనక ఒక సున్నా. రెండువందల డెబ్భై. నలకంత వస్తువు మీద అంకెలు రాస్తే కనబడవని రంగులు పూస్తారు. ఇది కూడా సాయవ్వకు చదివి వినిపించు.

పూస సంగతి ముందే రాయవలసింది. అతికించి పంపితే ఎవరూ కొయ్యరనుకున్నాను.

ఇంకొక బుడ్డి, పూసతో సహా పంపుతున్నాను. మా ఆయన దగ్గర ఇప్పుడు ఉన్నది ఇదొక్కటే. దీని వెలుగు చిన్నది, గోడకు పెడితే అవ్వకు కనబడదు. అవ్వ కళ్ళు ఎప్పుడూ బీడీ చాట మీదే ఉంటాయి. ఖాళీ అగ్గిపెట్టెకు చిల్లు పెట్టి, బుడ్డిని అందులో దూర్చి, చాట అంచుకు ఎదురుగా పెట్టు. చీకటి గూట్లో ఉంటే చిన్న వెలుగైనా పొడుస్తుంది.

ఇది కూడా చెడగొడితే మాటలు ఉండవు, నేను వచ్చి అవ్వ బట్టలు మూట కట్టుకుంటాను.

రుక్మాబాయి


బోధన్
ఏప్రిల్ 1978

వదినె గారికి,

వెలిగింది. ఆరలే.

కాళ్ళు కొయ్యలే. పూసను ముట్టలే. అగ్గిపెట్టెల పెట్టి చాట ముందట నిలబెట్టిన. బయటికి పోయి నొక్కిన. లోపలికొచ్చి చూస్తే అత్త చేతిల బీడీ సగం చుట్టి ఆగున్నది. దీపం ఎందుకో చేతులతోని చెప్పిన. మల్ల పోయి నొక్కుమన్నది. పోయి నొక్కిన. తలుపు తీసి చూసింది, మూసింది, మల్ల నొక్కుమన్నది. ఆ పొద్దంత నాతోని చిన్న పిల్ల లెక్క ఆడుకున్నది. "గిది రాధ చేసిందా?" అని మీ తమ్ముణ్ణి అడిగింది. అవునని తల ఊపిండు. మీరు పంపిన్రని నేను చెప్పిన, అబద్ధమాడలే. గాని ఆమెకు వినబడదు గదా.

మీ తమ్ముడు మాట మీద నిలబడి గొళ్ళెం పెట్టిండు. అత్త లోపలికి పోయి వేసుకుంది. ఆ చప్పుడు నేను బయట నిలబడి విన్న. ఆమెకు వినబడలేదు, చేతికి తెలిసుంటది.

దీంతోని మీరూ నేనూ ఒకటైనమనుకోకుండ్రి. పదో దినం నేను మర్వలే. బుడ్డి ఎప్పుడన్నా చెడిపోతే చేతిల ఇంకోటి ఉండాలె. మీ ఆయన తెప్పిస్తే మీరు పంపొద్దు, మీ చేతి నుంచి లింబాద్రి చేతికి, లింబాద్రి నుంచి నా చేతికి ఏం పూసలు కలుస్తయో. నేనే వచ్చి చూసి తెచ్చుకుంట.

రాధాబాయి


కంఠేశ్వర్, నిజామాబాద్
జూన్ 1978

రాధాబాయికి,

బుడ్డీలు వచ్చాయి. రావాలంటే రా, నిన్ను ఆపే పని నాకు లేదు. మధ్యాహ్నం, ఆయన భోజనానికి ఇంటికి వచ్చే వేళకు రా. పొద్దున వస్తే నాకు వీలుండదు. ముందే రాయకుండా వచ్చి తలుపు ముందు నిలబడడం నాకు ఇష్టముండదు.

రుక్మాబాయి


బోధన్
జులై 1978

వదినెకు,

మీ ఇంటి నుంచి వచ్చి ఉత్తరం రాయాల్నా వద్దా అని మస్తు ఆలోచన చేసిన. రాస్తున్న.

మధ్యాహ్నం రమ్మన్నరు. వానకు ముందు ఇల్లు చేరాలని నేను పొద్దున బస్సుకే వచ్చిన. తలుపు కొట్టిన. లోపల గిన్నెల చప్పుడు వస్తున్నది, మనిషి ఉన్నది. "వదినే" అని పిలిచిన. గట్టిగ పిలిచిన. ఎదురింటామె బయటికొచ్చి చూసింది గాని మీరు రాలే. పదో దినం నాడు చేసినట్టే మల్ల చేస్తున్నది, వాకిట్ల నిలబెట్టి పంపుతున్నది అనుకుని వెనక్కి తిరిగిన.

అప్పుడు కనబడ్డది, తలుపు చౌకట్టుకు స్విచ్చి. ముక్కాలిపీట ఎక్కి నేను బిగించినసొంటి స్విచ్చే. దాని కింద రేకు డబ్బ. చౌకట్టు వెంబడి ఎర్ర తీగ, నల్ల తీగ. పాతగున్నది, తీగల మీద సున్నం గూడ పడ్డది.

నొక్కిన. కిటికీల నుంచి వంటింటి గూడు అవుపడుతున్నది. గూట్ల ఎర్రగ వెలిగింది. తలెత్తి చూసి, చేతులు కొంగుకు తుడుచుకుంట వచ్చి నువ్వు తలుపు తీసినవ్.

"గది దుకాణంల సామాను, పనిచేస్తదా లేదా అని పెట్టిన" అన్నవ్. మీ ఆయన వచ్చినంక చూసిన. ఆయన నీతోని మాట్లాడాల్నంటే ముందుగాల భుజం ముట్టిండు. నువ్వు ఆయన పెదవుల దిక్కు చూసి జవాబు చెప్పినవ్. నేను వెనుక నుంచి "వదినే నీళ్ళియ్యి" అన్న. కావాల్ననే అన్న. నువ్వు తిరగలే. మీ ఆయన నా దిక్కు చూసి తల వంచుకున్నడు.

పదో దినం నాడు నేను నీ వెనుక నిలబడి పిలిచిన. నువ్వు వినలే. నేను అబద్ధమాడలే, నువ్వూ అబద్ధమాడలే. ఎవ్వరు పిలువలేదన్నవ్ గదా, నీకు ఎవ్వరు పిలువనట్టే అయింది.

ఇప్పుడు నాకు ఆ దినం మీద కోపం లేదు. తాయెత్తు పూస అని రాసినందుకు తప్పు నాదే. ఏడో తరగతి అని ఎత్తిపొడిచినవ్ చూడు, దాని మీద మాత్రం ఉన్నది, ఉంటది.

ఒక పని చేసిన. నిన్ను అడుగలే. మా హాల్ల నువ్వు ఎప్పుడు వచ్చినా కూసునే జాగ ఉన్నది గదా, వంటింటికి వీపు పెట్టి, గోడ గడియారం కింద. దానికి ఎదురుగ స్తంభానికి ఇంకో అగ్గిపెట్టె కట్టిన. అందుల మీ ఆయన ఇచ్చిన రెండో బుడ్డి. అత్త బుడ్డి పొట్టి కాలు నుంచి తీగ తీసి దీని పొడుగు కాలుకు కలిపిన, ఒకదాని వెనుక ఒకటి, ఒకటే తొవ్వల. వంటింట్ల ఇంకో స్విచ్చి బిగించిన. నేను అన్నం వడ్డించి నొక్కితే అత్తకు తెలుస్తది, నీకూ తెలుస్తది. రెండు బుడ్డీలకు కలిపి నాలుగు వోల్టులు పోతయి, పూస మీద పడేది రెండే గదా, అందుకని పాత పూస తీసి, బుడ్డీలతోని ఆయన ఇచ్చిన పూసల నుంచి చిన్నది వేసిన. గోధుమ, ఆకుపచ్చ, గోధుమ. నూట యాభై. మీ ఆయనను అడుగలే, నేనే లెక్క కట్టిన. రెండూ వెలుగుతున్నయి. తప్పుంటే రాయి.

ఒకటే తొవ్వ గనుక, ఏదో కోపానికి నువ్వు నీ బుడ్డి పీకినవంటే అత్తది గూడ ఆరుతది. గది యాదిల పెట్టుకో.

ఇగ దీపం వెలిగినంక గూడ నువ్వు లేచి రాకపోతే, గది చెవులు కాదు, పొగరు అని ఊరంత నేనే చెప్త.

రాధ


కంఠేశ్వర్, నిజామాబాద్
జులై 1978

రాధకు,

లెక్క సరిగ్గా ఉంది. నూట యాభై సరిపోతుంది. గోడ సందు దగ్గర తీగల ముడికి మైనం పూసిన గుడ్డ పట్టీ చుట్టు, వానాకాలం చెమ్మకు రెండు తీగలు కలిస్తే సెల్లులు ఊరికే దిగిపోతాయి. ఆ పని నువ్వు మరిచిపోయే ఉంటావు.

చెవుల సంగతి. బాపు పోయే ఏడాదికి ముందు మొదలైంది. ముందు పిట్టల చప్పుడు పోయింది, తరువాత వెనక నుంచి పిలిచేవాళ్ళ గొంతులు. ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తమ్ముడికి నువ్వు చెప్పకు. గడ్డపార ఎవరింట్లోనైనా ఉంటుంది, నా తలుపుకు కూడా లోపల గొళ్ళెం ఉంది. అవ్వ గొళ్ళెం ఊడబెరికారని విన్న దినం నాకు నిద్ర లేదు. నీకు రాసిన ఆ మొదటి ఉత్తరంలో సగం కోపం అవ్వ కోసం కాదు.

పదో దినం నాడు హాల్లో కూర్చుని, ఎవరైనా వచ్చి పిలుస్తారని చాలాసేపు చూశాను. నువ్వు వెనక నిలబడ్డావని ఇప్పుడు తెలిసింది. ముందుకు వచ్చి నిలబడాలని నీకు తోచలేదు, చెవులు పోయాయని చెప్పాలని నాకు తోచలేదు. ఇందులో నీ వంతు నీది, నా వంతు నాది.

ఏడో తరగతి మాట వెనక్కి తీసుకోను. రంగు పట్టీలు చదివి లెక్క కట్టిన మనిషి ఏడుతో ఆగిపోవడం ఎవరి తప్పో అని మాత్రం అనుకున్నాను.

నాట్లు ముగిశాక ఆదివారం పొద్దున బస్సుకు వస్తాను. గడియారం కిందనే కూర్చుంటాను. వడ్డించాక స్విచ్చి నొక్కి వెంటనే వదలకు. నేను తల ఎత్తి చూసేవరకు పట్టుకో.

రుక్మ